ఆరో వరసలో మూడోది

ఆళ్లగడ్డ బస్టాండు దాటి బస్సు హైవే ఎక్కేసరికి ఫెబా ఒళ్లో లాప్‌టాప్ తెరుచుకొని ఉంది, దాని తెర మీద చనిపోయినవాళ్లు ఇద్దరు ఒకే చోట పడుకొని ఉన్నారు. రాములమ్మ, భర్త శాంతయ్య, టీచర్, 6-3. ఎలీషా, కూలి, జూపాడు బంగ్లా, 6-3. ఆరో వరస, మూడో సమాధి. నంద్యాల సమాధుల తోటలో పదిహేను వరసలు, వరసకు పన్నెండు సమాధులు, చర్చి వాళ్లు ఎప్పటినుంచో ముందు వరస రాసి, చిన్న గీత గీసి, తర్వాత సమాధి నంబరు రాస్తారు. ఒక చోట ఒక మనిషే ఉండాలి. భార్యాభర్తలైతే ఇద్దరు ఉండొచ్చు, తోట నిండిపోయింది కాబట్టి కమిటీ అట్లా తీర్మానం చేసింది, ఇక కొత్త గుంత లేదు, ముందు పోయినవాళ్ల సమాధి తెరిచి తర్వాత పోయినవాళ్లను అందులోనే పెట్టాలి. కానీ రాములమ్మకు ఎలీషా ఏమీ కాడు. ఆమె భర్త శాంతయ్య సారు నిన్న సాయంత్రం కొలిమిగుండ్లలో కూతురింట్లో పోయాడు, ఈ రోజు మధ్యాహ్నం ఆయనను నంద్యాలకు తెచ్చి భార్య సమాధిలో పెడతారు, అది ఏ సమాధో చెప్పాల్సింది ఫెబా. వెతికింది, మళ్లీ వెతికింది. 6-3 అని కొట్టి వెతికితే ఇద్దరు. 3-6 అని కొట్టి వెతికితే ఎవరూ లేరు. మూడో వరసలో ఆరో చోటు ఖాళీగా ఉంది, ఖాళీ అన్నదే లేని తోటలో.

కండక్టరు ఆధార్ చూసి జీరో టికెట్ చించి ఇచ్చాడు. ఆమె దాన్ని లాప్‌టాప్ మీదే పెట్టింది, అది గాలికి ఎగిరి పక్క సీటు పెద్దమ్మ కాళ్ల దగ్గర తమలపాకుల మూట మీద పడింది. పెద్దమ్మ తీసి ఇచ్చి, సినిమా పెట్టు పాపా, ఊరికే గీతలు చూస్తాండావే అంది. ఫెబా నవ్వబోయింది, నవ్వు సగంలో ఆగింది. పొద్దున ఎనిమిదికి చర్చి సెక్రటరీ రూబెన్ అన్న ఫోన్ చేసి శాంతయ్య టీచరు పోయినాడు పాపా, భార్య పేరు రాములమ్మ, ఆమె యాడుందో చూసి చెప్పు అన్నప్పుడు పొయ్యి మీద పాలున్నాయి. ఒక కన్ను పాల మీద పెట్టి ఒక కన్నుతో ఫోన్‌లోనే షీటు తెరిచి ఆరో వరసలో మూడోదన్నా అని చెప్పేసింది. ఆయన గుంతలు తవ్వే గురుస్వామికి చెప్పాడు. పాలు పొంగలేదు. అంతా సరిగ్గా ఉంది. ఆ తర్వాత, సారు పేరు కూడా ఇప్పుడే చేర్చేస్తే పనైపోతుందని, ఆ చోటు కోసం వెతికితే ఎలీషా బయటపడ్డాడు. ఎక్కడున్నాడో ఈ మూడేళ్లు, ఎవరికీ కనపడకుండా. వెంటనే రూబెన్ అన్నకు ఫోన్ చేసి తవ్వొద్దన్నా, నేను వస్తాండా అంది. ఎందుకని ఆయన అడిగేలోగా పెట్టేసింది, ఎందుకో ఆమెకే అప్పటికి పూర్తిగా తెలియదు కాబట్టి.

ఇప్పుడు తెలుసు. తెలుసు అనుకుంటూనే మళ్లీ చేజారిపోతోంది, వేళ్లతో పట్టుకుంటే తప్ప నిలవని లెక్క అది. మూడేళ్ల కిందట ఆళ్లగడ్డ నెట్ సెంటరులో ఆమె మొదటిసారి 3-6 అని కొట్టి ఎంటర్ నొక్కింది. గడిలో అది మార్చి ఆరు అయిపోయింది. చెరిపి మళ్లీ కొట్టింది. మళ్లీ మార్చి ఆరు. మధ్యలో గీత కనపడితే చాలు యంత్రం తేదీ అనుకుంటుంది, అడగదు, అనుకుంటుంది అంతే. తేదీ కాదు, ఇది సంఖ్య అని చెప్దామని పైన పెట్టెలో నంబర్ అని ఎంచుకుంటే 44991 వచ్చింది. నలభై నాలుగు వేల తొమ్మిది వందల తొంభై ఒకటి. ఆమె కుర్చీలో వెనక్కి జరిగింది. మూడో వరసలో ఆరో సమాధి అని తను చెబితే అది నలభై నాలుగు వేలని ఎందుకంటోంది, ఇంతమంది ఎక్కడున్నారు. పంతొమ్మిది వందల సంవత్సరం మొదలు ఆ రోజు దాకా ఎన్ని రోజులో లెక్కపెట్టి యంత్రం దాన్నే లోపల దాచుకుంటుందనీ, పైకి మాత్రం తేదీలా కనపడుతుందనీ ఒక వీడియోలో ఎవరో చెప్తే విన్నది. ముందర ఒక చిన్న కొటేషన్ గుర్తు పెట్టి కొడితే కొట్టింది కొట్టినట్టే ఉంచుతుందని కూడా ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలియదు. అప్పుడు తెలిసింది ఒక్కటే, పాత పుస్తకం చెదలు పట్టి పొడి రాలుతోంది, దాన్ని బొత్తులుగా విడదీసి సగం తనకిచ్చారు, సగం నంద్యాల చర్చి ఆఫీసులో ప్రసన్నకుమారి అక్క కొడుతోంది, క్రిస్మస్‌కు పని అయిపోవాలి. మార్చి ఆరంటే మార్చి ఆరే. ముందు కొట్టేద్దాం, తర్వాత చూద్దాం.

బస్సు నల్లగట్ల దగ్గర ఆగింది, ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు, రోడ్డు అంచున ఆరబోసిన మొక్కజొన్నల మీద పట్ట కప్పుతున్న మనిషి తలెత్తి బస్సును చూసి మళ్లీ వంగాడు. తర్వాత చూసింది. రెండు సగాలూ ఒక షీటులో చేరాక, తేదీని మాటగా మార్చే టెక్స్ట్ అనే ఫంక్షన్ నేర్చుకొని, గడుల్లో రోజే ముందు కనపడుతోంది కాబట్టి ముందు రోజు, తర్వాత నెల, మధ్యలో గీత అని దానికి చెప్పి, ఒక్క గడిలో రాసి కిందికి లాగింది. నెలల పేర్లన్నీ రాలిపోయాయి. ఫిబ్రవరి, మార్చి, జూన్, సెప్టెంబరు అన్నీ పోయి 4-2, 6-3, 11-9 అని గీతలతో అంకెలు బారులు తీరి నిలబడ్డాయి, ఇంతసేపు చొక్కాలు తిరగేసి తొడుక్కున్న పిల్లలందరినీ ఒకేసారి సరిచేసినట్టు. సరిగ్గా ఉందో లేదో చూద్దామని చివరి రెండు వరసలు పుస్తకంతో సరిపోల్చింది. పద్నాలుగు, పదిహేను వరసలు. అంతా సరిపోయింది. ఎందుకు సరిపోదు, పద్నాలుగో నెల, పదిహేనో నెల లేవు కాబట్టి వాటిని యంత్రం తేదీలుగా తిప్పెయ్యలేదు, చెడనివాటినే చూసి బాగుందనుకుంది. మొదటి వరసలు చూసి ఉంటే. ఒక్క మూడో వరస చూసి ఉంటే. ఆ క్రిస్మస్‌కు రూబెన్ అన్న మైకులో ఆమె పేరు చెప్పి లేచి నిలబడమన్నాడు, ఆమె నిలబడి చున్నీ కొస వేలికి చుట్టుకుంది. మరుసటి వానాకాలం ఆఫీసు కప్పు కారి పుస్తకం ముద్దయిపోతే, దేవుడి దయ, అంతా కంప్యూటర్‌లో ఉంది అన్నారు అందరూ. దేవుడి దయ అని ఆమె కూడా అంది.

నెట్ సెంటరులో కంప్యూటరుకు ముందు నెల, తర్వాత రోజు. ఆఫీసులో కంప్యూటరుకు ముందు రోజు, తర్వాత నెల. ఎవరు ఎట్లా పెట్టారో, ఎప్పుడు పెట్టారో. ఆమె 3-6 కొడితే అది మార్చి ఆరు. అక్క 6-3 కొడితే అదీ మార్చి ఆరే. రెండు వేర్వేరు సమాధులు ఒకే తేదీ అయ్యాయి, ఆ తేదీని ఆమె ఒకే ఫంక్షన్‌తో మళ్లీ సమాధి చేసింది, 6-3. అంటే అక్క కొట్టినవన్నీ సరిగ్గా ఉన్నాయి. తను కొట్టినవన్నీ తిరగబడ్డాయి. మూడేళ్లుగా సగం తోట తిరగబడి ఉంది, ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. మెల్లగా ఆలోచించు, వేలు పెట్టు. రాములమ్మ పేజీ అక్క కొట్టి ఉంటే ఆమె ఆరో వరసలోనే ఉంది, ఎలీషాను తను కొట్టింది, అతను మూడో వరసలో ఉన్నాడు. రాములమ్మను తను కొట్టి ఉంటే ఆమె మూడో వరసలో ఉంది, ఆరో వరసలో తవ్వితే లేచేది ఎలీషా. ఎవరు ఎవరిని కొట్టారో తెలిస్తే చాలు. తెలియదు. కలిపిన తర్వాత అందరినీ అక్షరక్రమంలో పెట్టింది తనే. అక్క ప్రతి పేరు తర్వాత ఒక చుక్క పెట్టేది, ఆ చుక్కలుంటే ఇట్టే చెప్పొచ్చు, కానీ చుక్కలు చూడ్డానికి బాగలేవని ఒకే దెబ్బకు అన్నీ తుడిచేసింది తనే. పేరు పక్కన ఉన్న ఖాళీలు కూడా కత్తిరించింది. ఎంత శుభ్రం చేసింది. ఇల్లు ఊడ్చినట్టు ఊడ్చింది, అడుగుల జాడలతో సహా.

ప్రసన్నకుమారి అక్క పెళ్లయి సంజామలలో ఉంది. ఫోన్ ఎత్తగానే వెనక కుక్కరు కూత, చంటిబిడ్డ ఏడుపు. ఫెబా అడిగింది, అక్కా నువ్వు రాములమ్మ అనే పేరు కొట్టినట్టు గుర్తుందా, భర్త టీచరు, లేకుంటే ఎలీషా అని. అక్క కాసేపు నిజంగానే ఆలోచించింది, ఆ మేలు మరిచిపోకూడదు. తర్వాత, "నిన్న ఏం కూర చేసినానో గుర్తు లేదు మే నాకు, నూరుమంది సచ్చినోళ్ల పేర్లు గుర్తుంటాయా" అంది. అక్కా ఆఫీసు కంప్యూటర్‌లో పాత ఫైలు ఉంటుందా అంటే, ఆ డబ్బాను అమ్మేసి కొత్తది తెచ్చినారు కదా, అంది. నెట్ సెంటరులోనూ అదే మాట, పొద్దున పరుగెత్తుకుంటూ పోయి అడిగితే ఓనరు, అది ఎప్పుడో ఇనుప సామాన్లోనికి పోయింది పాపా అన్నాడు. పుస్తకం ముద్దయింది, యంత్రాలు రెండూ పోయాయి, మిగిలింది ఈ గడి, ఇందులో ఈ మూడు గుర్తులు, ఆరు, గీత, మూడు.

సారు ఉంటే ఏమనేవాడు. సారు ఉంటే ఈ బాధే లేదు, ఆయన కాళ్లకు తెలుసు, ప్రతి ఈస్టరుకు తెల్లవారుజామున ఒక్కడే వచ్చి కొవ్వొత్తి వెలిగించి పోయేవాడట, ఎవరినీ వెంట తెచ్చేవాడు కాదు. ఊరి బడిలో ఆయన దగ్గర అయిదో తరగతి దాకా చదివింది, ఆయనకు భార్య లేదని తెలుసు కానీ పేరు తెలియదు, సార్లకు భార్యల పేర్లుంటాయని పిల్లలకు తోచదు. ఒకసారి పలక మీద అయిదు రాయమంటే 05 అని రాసింది. ఎందుకు పాపా సున్నా అన్నాడు. ఒంటిగా ఉంటే బాగలేదు సార్ అంది. ఆయన నవ్వలేదు, కొట్టలేదు, కాసేపు ఆ పలకను దూరంగా పట్టుకొని చూసి, ఉండనీలే, దాని బరువేం లేదు అన్నాడు. యంత్రం అట్లా అనదు. 05 అని కొడితే సున్నాను తీసి పారేసి అయిదు ఒక్కదాన్నే నిలబెడుతుంది. నెట్ సెంటరుకు వచ్చేవాళ్ల ఆధార్ నంబర్లు పన్నెండంకెలు కొడితే మధ్యలో ఇంగ్లీషు ఈ అనే అక్షరం పెట్టి కుదించేస్తుంది, అయ్యా ఇది మీ నంబరే, లోపల ఉంది అని చెబితే ఎవరు నమ్ముతారు. అక్షరమా, అంకెనా, తేదీనా, ఏదో ఒకటి చెప్పమంటుంది, చెప్పకపోతే తనే నిర్ణయిస్తుంది. భర్త శాంతయ్య, టీచర్. ఆ మాటలు తను కొట్టిందా. కొట్టి ఉంటే ఆగి ఉండదా, అరే మా సారు అని. ఆగినట్టు గుర్తుంది. నెట్ సెంటరులో ఫ్యాను చప్పుడు, చెమటకు జారే మౌసు, పసుపు పచ్చ కాగితం మీద వంకర దస్తూరి, శాంతయ్య అని చదివి, సారేమో అనుకొని, మళ్లీ, శాంతయ్యలు ఎంతమంది లేరు అనుకొని ముందుకు పోయింది. స్పష్టంగా కనపడుతోంది. అయితే రాములమ్మ తనదే, అయితే మూడో వరస. గుండె ఒక్కసారి తేలికైంది. కానీ ఎలీషాను కూడా ఊహించి చూసింది, ఎందుకైనా మంచిదని, అదే ఫ్యాను, అదే మౌసు, అదే కాగితం మీద జూపాడు బంగ్లా అనే మాట, అంత దూరం నుంచి కూలికి వచ్చాడా అని తను అనుకోవడం, అదీ అంతే స్పష్టంగా కనపడింది. ఇప్పుడు ఏది జరిగింది, ఏది ఈ బస్సులో తయారైంది. మళ్లీ రాములమ్మ దగ్గరికి పోతే ఇంతకుముందు గుర్తొచ్చిన ఫ్యాను చప్పుడు రాలేదు, ఈ బస్సు చప్పుడే వచ్చింది.

శిరివెళ్ళ మెట్ట దగ్గర ఫోన్ మోగింది. రూబెన్ అన్న. "ఏం పాపా, యాడికొచ్చినావు? గురుస్వామి కూసోని వుండాడు. నేల రాయి మాదిరి వుండాది, ఇప్పుడు పార పడితేనే మూడింటికి అయితాది."

"అన్నా, ఆరు-మూడులో ఇద్దరుండారు."

"ఇద్దరేందీ?"

ఆమె చెప్పింది. నెల, రోజు, రెండు కంప్యూటర్లు, చుక్కలు. చెప్తుంటే తనకే ఒక్క ముక్క అర్థం కాలేదు, ఆయనకు ఏం అర్థమై ఉంటుంది. ఆయన మధ్యలో ఊ కొట్టడం మానేశాడు. చివరికి, అంతా సరి చేసినావనే కదా నీ పేరు మైకులో చెప్తిమి, అన్నాడు, కోపంగా కాదు, సామాను లెక్క తప్పితే తల గోక్కునే మనిషిలా. తర్వాత గొంతు తగ్గించాడు, పక్కన ఎవరో ఉన్నట్టున్నారు. "ఇప్పుడు కంప్యూటర్‌లో ఏమని వుండాది? ఆరు-మూడు. వుండేదే చెప్పు. ఎవురు చూసొచ్చినారు పాపా. టీచరు కూతురు జీవమ్మకు మాత్రం ఇదంతా చెప్పబాకు, ఆయమ్మకు వుండే బాధ చాలు."

సగం ప్రశాంతంగా అనిపించింది, అంతలోనే సగం భయం. వుండేదే చెప్పు. నిజమే, ఉన్నది ఆరు-మూడే, అబద్ధం కాదు. ఆమె ఆరో వరస అంటుంది, గురుస్వామి తవ్వుతాడు, రాములమ్మ పోయి ఇరవై మూడేళ్లు, ఇన్నేళ్ల తర్వాత మట్టిలో ఏముంటుంది, ఉన్నా ఎవరిదని తెలుస్తుంది, పాట పాడతారు, ప్రార్థన చేస్తారు, పిడికెడు మట్టి వేస్తారు, సారు కూతురు జీవమ్మ అక్క ఏడ్చి, అమ్మ దగ్గరికి చేరినాడు నాయన అనుకొని కొలిమిగుండ్లకు పోతుంది. ఆ తర్వాత జీవితాంతం, ఎక్కడో ఒక చోట నిలబడి ఫెబా ఒక్కతే సగానికి సగం అనుకుంటూ ఉంటుంది. తోటను మనసులో నడిచింది. నంద్యాల హాస్టల్‌లో ఉన్నప్పుడు ఈస్టరుకు అమ్మాయిలంతా వరసగా పోయేవాళ్లు, గేటు, గేటు లోపల స్కూటర్లు నిలిపే జాగా, కొళాయి, ముందు నాపరాళ్ల సమాధులు, వెనక పాలరాయివి, ఆ మధ్యలో మూడో వరసలోనూ ఆరో వరసలోనూ చాలావరకు ఉత్త మట్టి దిబ్బలు, పేరు చెక్కిన రాయి పెట్టించలేనివాళ్లవి. నంబరు దిమ్మెలు ఎప్పుడో కూరుకుపోయాయి. వరసలు చనిపోయిన సంవత్సరాల ప్రకారం కూడా లేవు, నేల ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ తవ్వారు. మూడు ముందా, ఆరు ముందా. గేటు వైపు నుంచి మూడోదైతే కొళాయి దగ్గర. సారు కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటుండగా ఒకసారి చూసింది కదా. చూసింది. కానీ చేతులు ఎవరైనా కడుక్కుంటారు, ఆరో వరస నుంచి వచ్చి కూడా కడుక్కుంటారు. తెర మీద 6-3 మీద వేలు పెట్టింది, తెర వేడిగా ఉంది. వెనక్కి తిప్పే ఫంక్షన్ రాస్తే, ఎడమ నుంచి ఒక అంకె, కుడి నుంచి ఒక అంకె తీసి తారుమారు చేస్తే 3-6 వస్తుంది, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు తిప్పవచ్చు, తిప్పడం వచ్చు, ఏది ముఖమో తెలియదు.

పక్కన పెద్దమ్మ ఆకుల మూట మీద నీళ్లు చల్లుకుంటూ ఎవురు పోయినారు పాపా అని అడిగింది, ఫోన్‌లో మాటలన్నీ విన్నట్టుంది. మా సారు అంది ఫెబా. చదువు చెప్పినాడా అంటే ఊ అంది. మంచోడా అంటే, కొట్టేవాడు కాదు అంది. పెద్దమ్మ తృప్తిగా తలాడించింది. బస్సు మళ్లీ కదిలింది, కుడివైపు నల్లమల కొండలు మబ్బు కింద మసకగా బస్సుతో పాటే వస్తున్నట్టున్నాయి, దీబగుంట్ల వచ్చేస్తుంది, దాని తర్వాత ఎంతోసేపు లేదు. ఫోన్‌లో జీవమ్మ నంబరు రూబెన్ అన్న పొద్దున పంపిందే ఉంది. చెప్పబాకు అన్నాడు. చెప్పకపోతే ఎవరికి నష్టం. చెబితే ఎవరికి లాభం, అక్క ఆ బండిలో నాయన పక్కన కూర్చొని ఉంటుంది, ఆమెకు ఫోన్ చేసి, మీ అమ్మ యాడుందో నాకు తెల్లేదు అని చెప్పడమా. తను ఎందుకు చెప్పాలనుకుంటోంది, అక్క కోసమా, తన బరువు దించుకోవడానికా. ఆ రెండూ కూడా 6-3, 3-6 లాగే ఉన్నాయి. ఆలోచిస్తూనే వేలు నొక్కేసింది, నొక్కిన తర్వాత పెట్టేద్దామనుకుంది, అటువైపు అప్పటికే గొంతు వచ్చింది.

"ఎవురు?"

"అక్కా, నేను ఫెబాను. సారు దగ్గర చదువుకున్యా. చర్చి సమాధుల లిస్టు నేనే రాసింది."

"చెప్పు పాపా. బనగానపల్లె దాటినాం."

ఈసారి నెలలు, రోజులు, ఫంక్షన్లు చెప్పలేదు. మీ అమ్మది ఒక చోట, ఎలీషా అనే ఆయనది ఒక చోట, నేను రాసేటప్పుడు చేసిన తప్పుకు రెండూ ఒకటిగా కలిసిపోయినాయి, మూడో వరసో ఆరో వరసో నాకు తెల్లేదు, సగానికి సగం, పుస్తకం లేదు, తప్పు నాదే అంది. ఒక్క గుక్కలో అయిపోయింది. గంటసేపు తలలో తిరిగింది ఇంత చిన్నదా. అటు నుంచి బండి చప్పుడు, ఎవరో ఆడమనిషి సన్నగా ఏదో పాడుతున్న చప్పుడు, ఆ పాటను ఎవరో ఆపిన చప్పుడు. తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

"ఆయప్పకు ఎవురూ ల్యారా?" అంది జీవమ్మ.

"ఎవరికక్కా?"

"ఎలీషా అంటివే."

ఫెబా తెర వైపు చూసింది. గంట నుంచి ఆ పేరు చూస్తోంది, కానీ దాన్ని రాములమ్మకు అడ్డం వచ్చిన పేరుగానే చూసింది, ఒకే నంబరు రెండుసార్లు వస్తే యంత్రం ఎర్రరంగు పూసి చూపించే గడిగా. ఇన్నిసార్లు సగానికి సగం అనుకుంది, ఆ రెండో సగంలో ఒక మనిషి ఉన్నాడని అనుకోలేదు. బంధువులు అన్న గడిలో ఏమీ లేదు. ఫోన్ గడిలో ఏమీ లేదు. "జూపాడు బంగ్లా అని వుండాదక్కా. కూలికొచ్చినట్టుంది. మనుషులెవరో రాయలేదు" అంది.

"అంటే మనం తెరిచేది ఆయప్పదైతే, ఎందుకు తెరిచినారని అడిగేదానికి కూడా ఎవురూ రారు."

ఫెబా వేలు బంధువులు అన్న ఖాళీ గడి మీదికి పోయింది.

"మా అమ్మను పెట్టేటప్పుడు పిల్లోళ్లు వద్దని నన్ను పిలచకపోలేదు," అంది జీవమ్మ. "నాయన ఒగరోజైనా నన్ను తీసకపోలేదు. పద మే చూపిస్తా అనింటే ఇంత ల్యాకపోవు." ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది. "నువ్వు తప్పు చేసినావు పాపా. నేనేం లేదనను. అయినా తెల్లేదంటాండావు కదా. తెల్లేనప్పుడు రెండూ తెరవద్దు."

కమిటీ కొత్త గుంత ఇయ్యదక్కా అని ఫెబా మెల్లగా అంది. గేటు లోపల స్కూటర్లు నిలుపుతారే, ఆ జాగా ఏమైంది, స్కూటర్లు బయట నిలుపుకోమను, నేను రూబెన్ అన్నతో మాట్లాడతా అని జీవమ్మ పెట్టేసింది. ఫోన్ చేతిలో చల్లబడుతుండగా ఫెబా రాములమ్మ గడిలో ఉన్నది చెరిపింది. 3-6 లేదా 6-3, తెలియదు అని రాసింది. ఎలీషా గడిలో కూడా అదే రాసింది. రాస్తుంటే సిగ్గేసింది, లిస్టులో తెలియదు అన్న మాట ఎక్కడా లేదు, ఇదే మొదటిది, కానీ ఇది ఇద్దరితో ఆగదు, తను కొట్టిన సగం తోటకూ ఇట్లాగే రాసుకుంటూ పోవాలి, ఏ సగమో తెలియదు కాబట్టి తేదీలుగా మారిపోగల మొదటి పన్నెండు వరసలకూ రాయాలి. దీబగుంట్ల దాటిపోయింది. రూబెన్ అన్న ఫోన్ చేయలేదు. ఆయన కమిటీలో ఒక్కొక్కరికి ఫోన్ చేస్తూ ఉంటాడు, లేకుంటే ఆరో వరస దగ్గర గురుస్వామి పక్కన నిలబడి ఉంటాడు, తను ఇప్పటికే ఆలస్యమై ఉంటుంది, గడ్డపార దిగిపోయి ఉంటుంది. అయ్యలూరు మెట్ట కనపడింది. ఫోన్ మోగింది, జీవమ్మ.

"ఒప్పుకున్యాడు. కమిటీతో నేను తిట్లు తినాల అని ఏడుస్తాండాడు. తిననీ."

ఫెబా కళ్లు తుడుచుకుంది, ఎప్పుడు తడిశాయో. అడగకూడదేమో అనుకుంటూనే అడిగింది, "అక్కా, సారుది ఏమని రాయాల? ఆ జాగాకు వరస లేదు, నంబరు లేదు."

"నంబరెందుకు. గేట్లో అడుగు పెట్టంగానే, కుడి చేతి పక్క, మా నాయన వుండాడని రాయి." బండి ఏదో గుంతలో పడి లేచినట్టుంది, మాట ఆగి మళ్లీ వచ్చింది. "మా అమ్మ లోపలే వుంది, యాడో తెల్లేదు అని కూడా రాయి. రేపు నా పిల్లోళ్లు అడిగితే ఇద్దరూ ఒగే తోటలో వుండారని తెలుస్తాది."

బస్సు ఊళ్లోకి వచ్చింది, నిలబడ్డవాళ్లు సంచులు అందుకుంటున్నారు, పెద్దమ్మ మూట ఒళ్లోకి లాక్కొని కూడా లేవకుండా కూర్చొని ఉంది. ఫెబా ఒక్కొక్క అక్షరమే కొట్టింది. గడి చాలలేదు, మాటలు పక్క గడుల మీదుగా పారి చివరి దాకా పోయాయి. ఎంటర్ నొక్కింది. అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

"రాసినావా? చదువు."

ఫెబా చదివింది. కండక్టరు అరుపుల మధ్య వినపడదని కాస్త గట్టిగానే చదివింది, గేట్లో అడుగు పెట్టగానే కుడి చేతి పక్క శాంతయ్య, ఆయన భార్య రాములమ్మ లోపలే ఉంది, ఎక్కడో తెలియదు.

"ఊ," అంది జీవమ్మ. "గుంత తవ్వే ఆయప్పను బేగా మొదలుపెట్టమను."